అందరికీ ఒకే రాత్రి మందు: బాలుర వసతి కేంద్రంలో గజ్జి వ్యాప్తిపై కేస్ స్టడీ

ఈ కేసులో కేంద్రం పేరు, జిల్లా, సంవత్సరం, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. గుర్తింపు దొరక్కుండా తలల లెక్క కొద్దిగా మార్చాం. మందుల మోతాదులు, రోజుల లెక్క జోలికి మాత్రం పోలేదు.

గజ్జి అనగానే "అదేముంది, నాలుగు రోజులు మందు రాస్తే పోతుంది" అంటారు. ఈ కేంద్రంలో ఆ మాట మీదే నాలుగు వారాలు గడిచాయి. మొదట నలుగురిలో కనిపించిన గజ్జి ఆలోగా సిబ్బందితో కలిపి 21 మందికి పాకింది. ఒక కుర్రాడు మూత్రపిండాల వాపుతో ఆసుపత్రిలో చేరాడు. అక్కడివాళ్లు పిల్లల్ని పట్టించుకోనివాళ్లు కారు, ఏది చేసినా మంచికోరే చేశారు. అయినా ఏది ఎందుకు పనిచేయలేదో వివరంగా రాయకపోతే, పక్క జిల్లాలో ఇంకో వార్డెన్ మళ్లీ అదే దారిలో నడుస్తాడు.

నేపథ్యం

బడి మానేసిన అబ్బాయిల్ని పదో తరగతి పరీక్షకు సిద్ధం చేసే వసతి కేంద్రం అది. 14 నుంచి 18 ఏళ్ల వాళ్లు 46 మంది ఉంటారు. సిబ్బంది పది మంది: వార్డెన్, ఇద్దరు యువ కార్యకర్తలు, ముగ్గురు టీచర్లు, కబడ్డీ కోచ్, వంటమనిషి, ఆమెకు సహాయకురాలు, వాచ్‌మన్. టీచర్లలో ఒకామెకు ఐదో నెల. యువ కార్యకర్తలు వంతులవారీగా రాత్రిళ్లు అబ్బాయిల హాల్లోనే పడుకుంటారు. వాళ్లది రోజుకూలి పద్ధతి, రాని రోజుకు డబ్బు లేదు. ఈ సంగతి మొదట్లో ఎవరికీ ముఖ్యమనిపించలేదు. కేసు మలుపు తిరిగింది మాత్రం దీని దగ్గరే.

హాళ్లు రెండు. మంచాలు లేవు, నేల మీద జంపఖానాలు పరుచుకుంటారు. కార్తీకం చలి మొదలయ్యాక ఇద్దరు ముగ్గురు ఒకే రగ్గు కింద ముడుచుకుంటారు. సాయంత్రం గంటసేపు కబడ్డీ. తువ్వాళ్లు, లుంగీలు, షార్టులు ఎవరివి ఎవరివో తెలియనంతగా కలిసిపోతాయి.

గజ్జి పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడ పురుగు చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పగులుతాయి. మామూలు రోగి ఒంటి మీద ఉండేవి పది పదిహేను పురుగులే. దురద పురుగు కొరకడం వల్ల కాదు, దాని మలానికీ గుడ్లకూ మన ఒళ్లు ఎదురుతిరగడం వల్ల పుడుతుంది. అలా ఎదురుతిరగడానికి మొదటిసారి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇదివరకు ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకైతే ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది. అంటే కొత్తగా సోకినవాడు నెలకు పైగా ఏ బాధా లేకుండా తిరుగుతాడు, ఆ నెలంతా పక్కవాడికి అంటిస్తూనే ఉంటాడు. ఈ ఒక్క లెక్క తెలియకపోవడం వల్లే తర్వాతి నాలుగు వారాలు వృథా అయ్యాయి.

సమస్య ఎలా బయటపడింది

దసరా సెలవుల నుంచి తిరిగొచ్చిన ఐదో వారంలో, గుండ్రంగా కూర్చుని చేసే ఒక కార్యక్రమంలో నలుగురు అబ్బాయిలు చేతులు తొడల కింద దాచుకుని కూర్చోవడం ఒక యువ కార్యకర్త గమనించాడు. అడిగితే "దోమలన్నా" అన్నారు. రాత్రి హాల్లో పడుకున్నప్పుడు గోకుతున్న చప్పుడు వినపడింది. వేళ్ల సందుల్లో, మణికట్టు లోపలి వైపు, బొడ్డు చుట్టూ, నడుం పట్టీ దగ్గర చిన్న పొక్కులు. పగలు ఓర్చుకోగలిగిన దురద రాత్రి పడుకోగానే రెట్టింపవుతోంది.

దోమకాటు వేళ్ల సందుల్ని వెతుక్కుంటూ పోదు, బట్ట కప్పని చోట కుడుతుంది. తామర గుండ్రంగా అంచు కట్టి పాకుతుంది. వేళ్ల సందులు, మణికట్లు, బొడ్డు, మర్మావయవాలు, పిరుదులు అనే వరుసలో పొక్కులు, రాత్రి పెరిగే దురద, పక్కన పడుకునేవాడికీ అదే బాధ, ఈ మూడూ కలిస్తే వేరే రుజువు దొరికేదాకా గజ్జి అనుకోవడమే క్షేమం. కేంద్రంలో అలా అనుకోలేదు. "చలికాలం పగుళ్లు" అని రాసుకున్నారు.

చేసినవి, తప్పినవి

మొదటి వారం శుభ్రత మీద పడ్డారు. బకెట్ నీళ్లలో డెటాల్ వేసి రెండు పూటలా స్నానాలు, పైన వేపాకు, పసుపు ముద్ద. రగ్గులన్నీ ఉతికి ఎండేశారు. రెండు రోజుల శ్రమ అది. గజ్జి మురికి వల్ల వస్తుందన్న నమ్మకం దీని వెనక ఉంది. పురుగు చర్మం లోపల ఉంటుంది కాబట్టి సబ్బు, డెటాల్ దాన్ని చేరవు. గోకి పచ్చిపుళ్లయిన చోట డెటాల్ మండి, చర్మం ఇంకా రేగింది. ముద్ద రుద్దినప్పుడు పొక్కులు చిదిగి చీము పట్టాయి.

రగ్గుల విషయంలో ఒక పాత పరిశోధన గుర్తుచేసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కెన్నెత్ మెలన్బీ అనే శాస్త్రవేత్త, గజ్జి ఉన్నవాళ్లు వాడిన దుప్పట్లలో, లోదుస్తుల్లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్లను పడుకోబెట్టి చూశాడు. చాలా కొద్దిమందికే అంటింది. రోగితో ఒకే పక్క మీద పడుకున్నప్పుడు మాత్రం తేలిగ్గా అంటింది. ఇది ప్రధానంగా చర్మం నుంచి చర్మానికి పాకే రోగమని తేలింది. మనిషి ఒంటిని వదిలాక పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. కాబట్టి బట్టల పని ఉంది, కానీ మందుకు తోడుగానే. ఒంటికి మందు పడకుండా రగ్గులుతికితే ఆ రాత్రే అదే రగ్గు మళ్లీ అంటుకుంటుంది.

ఇదే వారంలో కుర్రాళ్లు కేంద్రంలో తిరిగే కుక్కను అనుమానించి తరిమేయబోయారు. కుక్కల గజ్జి పురుగు వేరే రకం, అది మనిషి చర్మంలో సంతానం పెంచుకోలేదు. అంటినా కొద్ది రోజుల దురదతో ఆగిపోతుంది. నెలల తరబడి సాగే గజ్జి మనిషి నుంచి మనిషికి వచ్చేదే. వార్డెన్ కుక్కను ఉండనిచ్చాడు, ఆ రోజుల్లో తీసుకున్న సరైన నిర్ణయాల్లో అదొకటి.

రెండో వారానికి దురద పదకొండు మందికి చేరింది. మెడికల్ షాపులో అడిగితే 25 శాతం బెంజైల్ బెంజోయేట్ లోషన్ ఇచ్చారు. మందు సరైనదే, వాడిన తీరు తప్పింది. దురద ఉన్నవాళ్లకే ఇచ్చారు. పొక్కులున్న చోటే పూశారు. సాయంత్రం నాలుగింటికి పూసి ఆరింటికి కబడ్డీ అవగానే కడిగేశారు. పచ్చిపుళ్ల మీద ఈ లోషన్ బాగా మండుతుంది. రెండో రోజుకు సగం మంది పూసుకున్నామని చెప్పి బాత్రూంలో పారబోశారు. వాళ్లను తప్పుపట్టలేం. మండే మందు ఇస్తూ, ఎందుకు మండుతుందో, ఎన్ని గంటలుంచాలో చెప్పకపోతే ఏ పదహారేళ్లవాడైనా అంతే చేస్తాడు.

ఈలోగా ఒక కుర్రాడు సొంత డబ్బుతో ఒక ట్యూబు కొనుక్కున్నాడు. అందులో క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్, దానికి తోడు ఫంగస్ మందు, యాంటీబయోటిక్ కలిసి ఉన్నాయి. స్టెరాయిడ్ ఒంటి ప్రతిచర్యను అణుస్తుంది కాబట్టి రెండు రోజుల్లో దురద తగ్గింది. మాట పాకి ట్యూబు ఆరుగురి చేతులు మారింది. పురుగులు చావలేదు సరికదా, ఎదిరించే శక్తి తగ్గిన చర్మంలో ఇంకా పెరిగాయి. పొక్కుల రూపం మారిపోయి డాక్టరు కూడా వెంటనే గుర్తుపట్టలేనట్టు తయారైంది. తామర ఉన్న ఇద్దరికి అది తొడల మీద నుంచి నడుం దాకా పాకింది. చీటీ లేకుండా అమ్మకూడని ఈ మిశ్రమ ట్యూబులు మన ఊళ్లలో పెప్పర్‌మెంట్ బిళ్లల్లా దొరుకుతున్నాయి. వసతి కేంద్రాల్లో చర్మవ్యాధులు ఇంతగా ముదరడానికి ఇదొక పెద్ద కారణం.

అదే వారం దురద ఉన్నవాళ్లను చివరి గదిలో వేరుగా పడుకోబెట్టారు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన నిర్ణయం ఇదే. మన భాషలో గజ్జికుక్క అనేది తిట్టు. మర్నాటికి ఆ గదికి అదే పేరు పడింది. ఆ రోజు నుంచి కొత్తగా ఒక్కడు కూడా దురదని చెప్పలేదు. పైకి కేసులు ఆగినట్టు కనిపించింది. నిజానికి ఆగింది చెప్పడం. వేరుచేయడం వ్యాధి లెక్క ప్రకారం చూసినా నిలవదు. ఆ పదకొండు మంది నెల క్రితమే తమ పక్కవాళ్లకు అంటించి ఉంటారు. దురద లేదని బయట ఉంచినవాళ్లలోనే తర్వాతి వంతు ఉంది.

మూడో వారం ఎక్కువ బాధపడుతున్న ఇద్దర్ని ఇళ్లకు పంపారు. ఒకడు తమ్ముడికీ నాయనమ్మకూ అంటించి, వారం తర్వాత మందు లేకుండానే తిరిగొచ్చాడు. వసతి కేంద్రంలో అంటుజబ్బును ఇంటికి పంపితే అది ఊళ్లోకి వెళ్తుంది, మళ్లీ అదే బస్సెక్కి వస్తుంది.

యువ కార్యకర్త దాచిన దురద

ఆ మూడు వారాలూ అబ్బాయిల చేతులు చూస్తూ తిరిగిన యువ కార్యకర్తకే దురద ఉంది. రాత్రిళ్లు అదే జంపఖానాల మీద పడుకునేది, కబడ్డీలో పట్టు నేర్పించేది అతనే. చెబితే తగ్గేదాకా రావద్దంటారని, రెండు వారాల కూలి పోతుందని, పిల్లలకు తనే అంటించాడన్న మాట పడుతుందని భయపడ్డాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని రోజూ వచ్చాడు. ఇంట్లో భార్యకు, రెండేళ్ల పాపకు కూడా దురద మొదలైంది.

అతను మొదట చెప్పింది వార్డెన్‌కు కాదు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఆరోగ్య కార్యకర్తకు. ఆ కబురు కేంద్రం నడిపేవాళ్లకు చేరినప్పుడు వాళ్లు తీసుకున్న నిర్ణయం వల్లే తర్వాతివన్నీ సాధ్యమయ్యాయి. మందు రాసుకుని ఒక రాత్రి గడిచాక మామూలుగా పనికి రావచ్చని, ఆలోగా రాలేని రోజుల కూలి ఇస్తామని, ఇది సిబ్బంది అందరికీ వర్తిస్తుందని రాసి నోటీసు బోర్డు మీద పెట్టారు. ఒకసారి సరిగ్గా మందు పూసుకుంటే మర్నాటి నుంచి మామూలు పని చేసుకోవచ్చన్నది వైద్య సత్యం. అది ముందే తెలిసుంటే ఆ మనిషి మూడు వారాలు భయపడేవాడు కాదు. సిబ్బందిని కాపాడడమంటే గ్లౌజులివ్వడం ఒక్కటే కాదు. జబ్బు చెప్పుకుంటే కూలి పోతుందన్నంతకాలం గ్లౌజులు ఏ పనీ చేయవు.

నాలుగో వారం: అసలు నిర్ణయం

ఒక ఉదయం పద్నాలుగేళ్ల అబ్బాయి ఉబ్బిన ముఖంతో లేచాడు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. గోకిన పుళ్లలో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మక్రిమి చేరితే, కొన్ని వారాలకు మూత్రపిండాలు వాచే ప్రమాదం ఉంది. వార్డెన్ ఆలస్యం చేయకుండా ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రక్తపోటు ఎక్కువగా ఉందని చేర్చుకున్నారు. అక్కడి చర్మవైద్యుడు అసలు కారణం గజ్జి అని తేల్చి, పీహెచ్‌సీ వైద్యాధికారితో కలిసి కేంద్రం మొత్తాన్ని చూస్తానన్నాడు.

పరీక్ష తెర కట్టి ఒక్కొక్కరికీ విడిగా చేశారు. దురద ఉన్నవాళ్లను వేరే వరుసలో నిలబెట్టలేదు, హాజరు పట్టీ వరుసలోనే పిలిచారు. మహిళా సిబ్బందిని మహిళా ఆరోగ్య కార్యకర్త చూసింది. సందేహం ఉన్న గీత మీద ఫౌంటెన్ పెన్ సిరా చుక్క రాసి స్పిరిట్ దూదితో తుడిస్తే, సొరంగంలోకి దిగిన సిరా సన్నని వంకర గీతలా మిగిలింది. 19 మంది అబ్బాయిలకు, ఇద్దరు సిబ్బందికి గజ్జి తేలింది. ఆ ఇద్దరిలో రెండోవాడు వార్డెన్. అతనికి అప్పటికి ఏ దురదా లేదు. ఐదుగురికి చీము పుళ్లున్నాయి, యాంటీబయోటిక్ వెంటనే మొదలైంది. వాళ్లలో ఒకడు చపాతీల పని వంతులో ఉన్నాడు. చేతి పుళ్లలోని స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మక్రిమి తిండిలో చేరి వదిలే విషం వేడికి పోదు, కాబట్టి పుళ్లు మానేదాకా ఆ ఐదుగురికీ వంటింటి పని తప్పించారు. వంతుల పట్టికనే మార్చారు కాబట్టి ఎవరి పేరూ బయటికి రాలేదు.

తర్వాత, 21 మందికే మందివ్వాలా, అందరికీ ఇవ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. ఖర్చు చూస్తే మొదటిదే నయం. కానీ దురద లేకుండా పురుగు మోస్తున్నవాళ్లు ఎందరో పరీక్షలో తేలదు. వార్డెనే దానికి రుజువు. ఇద్దరు మిగిలినా రెండు నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి 46 మంది అబ్బాయిలు, పది మంది సిబ్బంది, యువ కార్యకర్త ఇంట్లోని భార్య, తల్లి, పాప, వీళ్లందరికీ ఒకే రాత్రి మందు. ఎనిమిదో రోజు మళ్లీ అదే. ఆసుపత్రిలో ఉన్న అబ్బాయికి అక్కడే, అదే రాత్రి. మందులు గుడ్లను పూర్తిగా చంపవు కాబట్టి, పొదిగి బయటికొచ్చిన పిల్ల పురుగులు మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు రాకముందే రెండో విడత పడాలి.

ఏ మందు ఎవరికన్నది చర్మవైద్యుడు రాశాడు. గజ్జి తేలిన 21 మందికి, గర్భిణి టీచరుకు, యువ కార్యకర్త ఇంట్లోవాళ్లకు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. మిగతా 34 మందికి ఐవర్‌మెక్టిన్ మాత్ర, కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల చొప్పున: 25 నుంచి 35 కిలోలుంటే 6 మిల్లీగ్రాములు, 36 నుంచి 50 వరకు 9, 51 నుంచి 65 వరకు 12, 66 నుంచి 79 వరకు 15. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు ఈ మాత్ర ఇవ్వరు. అందుకని మాత్ర తీసుకోబోయే మహిళలను గర్భం గురించి, పాలివ్వడం గురించి విడిగా అడిగారు. పద్దెనిమిది నిండనివాళ్ల తల్లిదండ్రులకు ఫోన్ చేసి, ఏం ఇస్తున్నారో, ఎందుకో చెప్పి ఒప్పుకోలు తీసుకున్నారు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అని కూడా అప్పుడే అడిగారు.

క్రీము పెద్దవాళ్లకు ఒకసారికి 30 గ్రాములు. 24 మందికి 24 ట్యూబులు, పాపకు సగం. రెండు విడతలకు 49, చేతులు కడిగినప్పుడు తిరిగి పూయడానికి ఇంకో ఐదు. మొత్తం 54 ట్యూబులు చేతికొచ్చాకే తేదీ ఖాయం చేశారు. సగం స్టాకుతో మొదలుపెట్టి మిగతాది వారంలో వస్తుందనుకోవడం వసతి కేంద్రాల్లో తరచూ జరిగే పొరపాటు. అలా చేస్తే ఒకే రాత్రి అన్న సూత్రమే పోతుంది.

ఆ రాత్రికి ముందు, ఆ రాత్రి

బట్టల పని నాలుగు రోజుల ముందే మొదలైంది. చాలామందికి రెండే జతలు. అందుకని ఆదివారం ప్రతి ఒక్కరూ ఒక జత బట్టలు, ఒక దుప్పటి ఉతికి ఆరేసి, పేరు రాసిన పెద్ద పాలిథీన్ సంచిలో వేసి మూతి బిగించి కట్టారు. నాలుగు రోజులు ఒంటికి దూరంగా ఉంటే పురుగు చస్తుంది, వేడినీళ్లు అక్కర్లేదు. గురువారం రాత్రి మందు. శుక్రవారం పొద్దున స్నానమయ్యాక ఆ సంచి విప్పి సిద్ధంగా ఉన్న జత వేసుకోవాలి, విప్పిన బట్టలు అదే సంచిలోకి వెళ్లి నాలుగు రోజులు కట్టి ఉండాలి. తువ్వాళ్లు, లోదుస్తులు మాత్రం వంటింటి గుండిగలో మరిగించారు. జంపఖానాలు ఎండలో వేసి నాలుగు రోజులు పక్కన పెట్టి, దాతల దగ్గర తెచ్చిన చాపలు పరిచారు. గోడలకు మందు కొట్టించాలన్న సలహాను వైద్యాధికారి వద్దన్నాడు, దానివల్ల పిల్లల ఊపిరితిత్తులకు హాని తప్ప ఉపయోగం లేదు.

గురువారం సాయంత్రం గోళ్లు కత్తిరించారు, ఒక్కొక్కరి తర్వాత కట్టర్‌ను స్పిరిట్‌తో తుడుస్తూ. భోజనం ఏడింటికే పెట్టారు, మాత్ర వేసుకునేవాళ్లు తిన్న వెంటనే వార్డెన్ ఎదుట మింగారు. క్రీము పూసుకునేవాళ్లకు వేడినీళ్ల స్నానం వద్దని చెప్పారు. చర్మం చల్లగా, పొడిగా ఉండాలి.

పూత మెడ నుంచి అరికాళ్ల దాకా, ఒక్క చోటు వదలకుండా: చెవుల వెనక, చంకలు, బొడ్డు లోపల, మర్మావయవాలు, పిరుదుల మధ్య, వేళ్ల సందులు, గోళ్ల కింద పాత టూత్‌బ్రష్‌తో. రెండేళ్ల పాపకు తలకు, ముఖానికి కూడా, కళ్లూ నోరూ వదిలి. పొక్కులున్న చోటే పూసే అలవాటు మాన్పించడానికి ఒక బొమ్మ గీసి ప్రతి స్నానపు గదిలో అంటించారు.

ఇక్కడ యువజన పనికే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. సిబ్బంది ఎవరూ అబ్బాయిల ఒంటికి మందు పూయకూడదని ముందే తేల్చారు. ఎవరిది వాళ్లే, తలుపు వేసుకుని. వీపు అందనివాళ్లు తమకు నచ్చిన స్నేహితుణ్ణి అడగొచ్చు, అతను గ్లౌజు వేసుకుని వీపు వరకే పూస్తాడు. అదీ వద్దనుకునేవాళ్లకు పొడుగు పుల్లకు మెత్తటి స్పాంజి కట్టి ఇచ్చారు. అంటురోగ భయంలో పిల్లల మర్యాద, రక్షణ వెనక్కి పోతే తర్వాతిసారి వాళ్లు తెర వెనక్కి కూడా రారు.

రాత్రి ఎనిమిదిన్నరకు పూత అయింది, పొద్దున ఏడింటికి కడిగారు. ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలుండాలి కాబట్టి పదిన్నర గంటలు సరిపోయింది. బాత్రూంకు వెళ్లి చేతులు కడిగినప్పుడు మళ్లీ పూసుకోవడానికి తలుపు దగ్గర ఒక ట్యూబు పెట్టారు. ఇది మరిచిపోతే వేళ్ల సందుల్లోనే పురుగు మిగిలిపోతుంది.

అన్నీ సవ్యంగా జరగలేదు. ముగ్గురు అర్ధరాత్రి ఒళ్లు వేడెక్కుతోందని కడిగేసుకున్నారు. తిట్టకుండా అడిగారు కాబట్టి పొద్దున చెప్పారు, ఆ రాత్రే మళ్లీ పూశారు. ఇంట్లో కష్టం వచ్చి వెళ్లిన ఇద్దరు మూడో రోజు తిరిగొచ్చారు. వాళ్లను హాల్లోకి రానిచ్చే ముందే ఆఫీసు గదిలో మాత్ర, ఒక రాత్రి పడక ఏర్పాటు చేశారు. ఈ ఇద్దరి కోసమే పేరుపేరునా టిక్కు పెట్టే పట్టిక అవసరమైంది.

కబడ్డీని పది రోజులు ఆపి పరుగు, తాడాట పెట్టారు. మందు పడిన మర్నాటి నుంచే ఆడినా ప్రమాదం తక్కువే. కానీ చీము పుళ్లు మానాలి, మట్టిలో రాపిడి తగలకూడదు.

తర్వాతి ఆరు వారాలు

రెండో విడత ఎనిమిదో రోజున తేలిగ్గా అయింది. మూడో వారంలో "దురద ఇంకా పోలేదు, మందు పనిచేయలేదు" అన్న గుసగుస మొదలైంది. చచ్చిన పురుగుల అవశేషాలు చర్మంలో ఉన్నంతకాలం, అంటే రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. ఇది ముందే చెప్పి ఉండాల్సింది, ఆలస్యంగా చెప్పారు. ఇద్దరు అప్పటికే మిగిలిన క్రీము మూడోసారి పూసుకున్నారు. అతిగా పూస్తే మందు వల్లే చర్మం పొడిబారి దురద పెడుతుంది. కొబ్బరినూనె, రాత్రికి డాక్టరు రాసిన అలర్జీ మాత్ర చాలు. పాత దురదను లెక్కచేయనక్కర్లేదు, కొత్త గీతలు, కొత్త పొక్కులు వస్తేనే మళ్లీ చూడాలి.

అలాంటివి ఇద్దరికి వచ్చాయి. ఒకడు స్టెరాయిడ్ ట్యూబు ఎక్కువ వాడినవాడు. చర్మవైద్యుడు ట్యూబు మాన్పించి మరో రెండు విడతలు ఇచ్చాడు. రెండోవాడు మూడో వారంలో ఇంటికి పంపిన ఇద్దరిలో ఒకడు. రెండో విడత తర్వాత ఒక ఆదివారం ఇంటికెళ్లి తమ్ముడి పక్కన పడుకున్నాడు. ఫోన్‌లో అడిగినప్పుడు ఇంట్లో "ఎవరికీ లేదు" అన్నారు. అప్పటికి తమ్ముడికి, నాయనమ్మకు దురద ఉంది, కానీ గజ్జి అని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు. ఆశా కార్యకర్త ఇంటికెళ్లి మాట్లాడాక ఇంటిల్లిపాదికీ మందు పడింది. ఫోన్‌లో "గజ్జి ఉందా" అని అడిగితే లేదనే అంటారు. "రాత్రిళ్లు ఎవరైనా నిద్ర సరిగా పోవట్లేదా" అని అడిగితే చెబుతారు.

మొదటి విడత నుంచి ఆరు వారాల పాటు, వారానికోసారి అందరి చేతులు, మణికట్లు చూశారు. సోకడానికీ దురదకూ మధ్య ఆరు వారాల దాకా పడుతుంది కాబట్టి అంతకన్నా ముందు ముగిసిందనుకోకూడదు. ఆరో వారం చివరికి ఈ ఇద్దరు తప్ప కొత్త కేసు లేదు. వార్డెన్‌కు దురద రానేలేదు. గర్భిణి టీచరు రోజూ పాఠం చెబుతూనే ఉంది.

కేంద్రంలో మారినవి

సంక్రాంతి సెలవుల తర్వాత తిరిగొచ్చిన రోజే తెర వెనక అందరి చేతులూ చూస్తున్నారు, సిబ్బందితో సహా. కొత్తగా చేరేవాళ్లకూ అంతే, నాలుగో వారం మళ్లీ ఒకసారి. మనిషికొక రగ్గు ఇచ్చారు. ఖర్చులో అన్నిటికన్నా పెద్దది ఇదే, చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనదీ ఇదే. తువ్వాళ్ల కొనలకు రంగు దారాలు కుట్టుకున్నారు. దురద ఉంటే కాగితం మీద పేరు రాసి వేసే డబ్బా పెట్టారు, తాళం ఆరోగ్య కార్యకర్త దగ్గరే ఉంటుంది. పది ట్యూబులు ఎప్పుడూ బీరువాలో ఉంటాయి, కానీ వైద్యాధికారి చూడకుండా విప్పరు. ఇద్దరికి మించి ఒకే నెలలో గజ్జి తేలితే ఆ హాలు మొత్తానికి ఒకే రాత్రి మందు అన్నది ఇప్పుడు రాసిపెట్టుకున్న నియమం. చివరి గదిని చదువుకునే గదిగా మార్చి, కుర్రాళ్లతోనే రంగులు వేయించారు.

ఆసుపత్రిలో చేరిన అబ్బాయి వారం తర్వాత తిరిగొచ్చాడు. వాపు, రక్తపోటు తగ్గాయి. మూత్రంలో కంటికి కనపడని రక్తకణాలు కొన్ని నెలలు, కొందరికి ఏడాది దాకా కనిపించవచ్చు కాబట్టి డాక్టరు చెప్పిన తేదీలకు మూత్రం, రక్తపోటు పరీక్షలు సాగుతున్నాయి. ఆ తేదీలు ఉన్న పుస్తకం అబ్బాయి దగ్గర ఒకటి, వార్డెన్ దగ్గర ఒకటి ఉన్నాయి. తీసుకెళ్లే పని ఆ యువ కార్యకర్త తనే అడిగి తీసుకున్నాడు. ఆ రోజులకు అతనికి కూలి రాస్తారు.